మజ్జిగ లెక్క

"ఇక్కడండమ్మా, ఇక్కడ," అంటూ సత్తియ్య మినిట్సు పుస్తకాన్ని వంటింటి గుమ్మంలో తెరిచి పట్టుకున్నాడు. కమిటీ కాగితాలు మోసే బంట్రోతు అతను, పెద్దవాడు. పుస్తకం ఎప్పుడూ అలాగే పట్టుకుంటాడు. పైన రాసిన తీర్మానాల మీద ఎడమచెయ్యి పరిచేసి, కింద ఖాళీ గీత ఒక్కటే కనబడేలా. కన్యక పెసరట్టు తిరగేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, అతనిచ్చిన కలంతో సంతకం పెట్టింది. అట్టు మాడేలోగా సంతకం పూర్తిచెయ్యడం ఆవిడకి బాగా అలవాటైపోయింది. రెండున్నరేళ్ళలో అది ఇరవై ఏడో సంతకం.

కమిటీ అంటే ఎక్కడో కాకినాడలో కూర్చునేది అనుకునేరు. వంటింటికీ కమిటీకీ మధ్య ఒక్క గది అడ్డం. గంగలపేట పట్టణాభివృద్ధి కమిటీకి సెక్రటరీ సాక్షాత్తూ ఆవిడ భర్త, మిల్లు ఓనరు చంద్రరావు. మీటింగులన్నీ వాళ్ళ ముందు హాల్లోనే. మునిసిపల్ ఆఫీసులో పెట్టుకోవచ్చుగా అంటే, అక్కడ పెసరట్టూ ఉప్మా ఎవడు పెడతాడు? ఊరికి కొత్త పరిశ్రమలు రావాలన్నా, బ్యాంకులు అప్పులివ్వాలన్నా, నలుగురికి ఉద్యోగాలు దొరకాలన్నా, ముందు ఊరివాళ్ళే పదేళ్ళ ప్రణాళిక ఒకటి రాసుకు రమ్మని ప్రభుత్వం కాగితం పంపింది. కమిటీలో ఒక ఆడమనిషి ఉండి తీరాలనీ, సభ్యులందరి సంతకాలూ లేకపోతే ప్రణాళిక తీసుకోమనీ ఆ కాగితంలోనే రాశారు. అది చదివి పెద్దమనుషులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారట. ఆ సాయంత్రం చంద్రరావు ఇంటికొచ్చి, "నీ పేరు రాయించేశా. కంగారుపడకు, నువ్వు రానక్కర్లేదు, సంతకం పెడితే చాలు," అన్నాడు. పట్టుచీర తెచ్చినవాడి మొహం పెట్టుకుని మరీ అన్నాడు.

కన్యక రాజమండ్రిలో బి.ఏ. చదివింది, అదీ ఎకనామిక్స్. పెళ్ళయిన కొత్తలో బ్యాంకు పరీక్ష రాస్తానంటే, "నీకు ఉద్యోగం దేనికే, నేను చచ్చానా?" అన్నాడు చంద్రరావు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్నమాటకి ఏం జవాబు చెప్పాలో పాతికేళ్ళ వయసులో ఎవరికి తెలుస్తుంది గనక! పన్నెండేళ్ళయింది. ఆ చదువంతా ఇప్పుడు ఒక్క గీత మీద కూర్చుంది. "మా ఆవిడ సంతకం చూడండి, ముత్యాలు పేర్చినట్టుంటది," అని అతను కమిటీవాళ్ళకి చూపించుకుంటాడు కూడా. ఆ మాట వినబడినప్పుడల్లా కన్యకకి సంతోషం వేసేది. తరవాత ఆ సంతోషానికి సిగ్గేసేది. సిగ్గెందుకో ఆలోచించేలోగా కుక్కరు కూసేది.

ఇరవై ఏడో సంతకం పెట్టిన రోజు మాత్రం కూయలేదు. ఆవేళ కాకినాడ నుంచి నాగేశ్వరప్రసాద్ గారని ఆఫీసరు వచ్చాడు, ప్రణాళికకి చివరి రూపం ఇవ్వడానికి. కన్యక అట్ల పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి కమిటీ ప్రెసిడెంటు జోగేశ్వరరావుగారు మంచి ఊపు మీదున్నారు. ఊళ్ళోకెల్లా పెద్ద మిల్లు ఆయనది.

"పదహారు మిల్లులండి మా ఊళ్ళో. అన్నిట్లోనూ ఉప్పుడు బియ్యమే. పదహారింటికీ డ్రయ్యర్లు పెట్టేస్తాం. ఉడికిన వడ్లు ఇటు పోస్తే అటు ఆరిపోయి వస్తాయి. మిల్లుకి ఏడుగురు చొప్పున నూటపన్నెండు కొత్త ఉద్యోగాలండి! రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నాడు. రాసుకుని, "మరి ఇప్పుడు వడ్లు కళ్ళాల మీద ఎండబెడుతున్నారు కదండీ. ఆ పని చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు?" అని అడిగాడు.

"వాళ్ళు ఉద్యోగస్తులేంటండీ, కూలి ఆడాళ్ళు! వస్తా ఉంటారు, పోతా ఉంటారు. మిల్లు రిజిస్టర్లో ఉండరు, మేస్త్రి తెచ్చుకుంటాడు. ఊరంతా కలిపి ఓ వందమంది ఉంటారేమో. వాళ్ళనే డ్రయ్యర్లకి పెట్టుకున్నా ఇంకా పన్నెండు మిగులుతాయి."

కన్యక చేతిలో పళ్ళెం ఆగిపోయింది. వంద? వాళ్ళ ఒక్క కళ్ళం మీదే ముప్పై ఒక్కమంది ఉన్నారు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. "అదేంటండీ, మన కళ్ళంలోనే..." అని నోరు తెరిచింది.

"కన్యకా, చట్నీ," అన్నాడు చంద్రరావు, ఆఫీసరు వంక చూసి నవ్వుతూ.

ఆవిడ వెళ్ళి చట్నీ తెచ్చింది. తెచ్చి వడ్డించింది కూడా. ఆఫీసరు కాక ఏడుగురు మగవాళ్ళు, ఏడు కుర్చీలు. ఏ ఒక్కరూ "ఏదో చెప్పబోయారేంటమ్మా?" అని అడగలేదు. వంటింట్లోకి వచ్చి పెనం ముందు నిలబడితే చెవులు మండిపోయాయి. ఇంట్లో ఎన్ని అనిపించుకోలేదు, ఎన్ని దిగమింగలేదు! అత్తగారు కూరలో ఉప్పెక్కువైందన్నా, ఆడపడుచు చీర రంగు వెలిసిందన్నా, అవన్నీ చెవి దాటి లోపలికి వెళ్ళేవి కావు. ఈ చట్నీ మాత్రం సూటిగా వెళ్ళి గుండెల్లో కూర్చుంది. ఎందుకంటే ఈసారి ఆవిడకి తెలిసింది నిజం, వాళ్ళు రాసుకున్నది తప్పు. తెలిసిన మనిషి చట్నీ వడ్డిస్తుంటే తెలియనివాళ్ళు ఊరి భవిష్యత్తు రాస్తున్నారు.

ఆవిడకి ఎలా తెలుసంటారా? మజ్జిగ వల్ల. గంగలపేటలో ఒక ఆనవాయితీ ఉంది. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నించి వానలు ముదిరేదాకా, మిట్టమధ్యాహ్నం కళ్ళం మీద పనిచేసే ఆడవాళ్ళకి మిల్లు ఓనరు ఇంటినుంచి మజ్జిగ వెళ్ళాలి. పొగలు కక్కుతున్న వడ్లని సిమెంటు కళ్ళం మీద పరిచి, ఉత్తకాళ్ళతో చాళ్ళు తీస్తూ, ఎండలో అటూ ఇటూ తిరగేస్తూ ఉంటారు వాళ్ళు. మబ్బు కనబడితే పరుగున కుప్ప చెయ్యాలి. ఆ ఎండకి మజ్జిగ లేకపోతే పడిపోతారు. "మేం మా కూలీలకి రోజూ మజ్జిగ పోయిస్తామండి," అని మిల్లు ఓనర్లు గొప్పగా చెప్పుకుంటారు. పోయించేది వాళ్ళే కావచ్చు, చిలికేది ఎవరట? కన్యక పన్నెండేళ్ళుగా పొద్దున్నే కవ్వం పట్టుకుంటోంది. అల్లం, ఉప్పు, కరివేపాకు దంచి కలిపి, మనిషికి రెండు గ్లాసుల చొప్పున కుండలకెత్తించి పంపుతోంది. లెక్క తప్పితే ఎవరో ఒకావిడ ఎండలో దాహంతో ఉండిపోతుంది. అందుకని పొద్దున్నే కళ్ళం నుంచి అమ్మణ్ణి వచ్చి, "ఇయ్యాళ ముప్పై ఒకళ్ళమండమ్మగారూ," అని చెప్పి మరీ వెళుతుంది.

మర్నాడు అమ్మణ్ణి వస్తే కన్యక అరుగు మీద కూర్చోబెట్టి డ్రయ్యర్ల మాట ఎత్తింది. అమ్మణ్ణికి అప్పటికే అంతా తెలుసు.

"లాజరు మేస్త్రి చెప్పాడండి. మిషన్లొత్తే మమ్మల్ని రావొద్దంటారంట. పద్దెనిమిదేళ్ళ నించి ఈ కళ్ళాన్నే నమ్ముకున్నానండి. మా ఆయన పోయాక ఇద్దరాడపిల్లల్ని ఈ కాళ్ళ మీదే పెంచానండి." కన్యక మొహంలోకి సూటిగా చూసింది. "మీరూ సంతకం పెట్టారంట గదండమ్మగారూ? మేస్త్రి అంటే నేను నమ్మలేదండి. మా అమ్మగారు మజ్జిగ పోసే చేత్తో అలాంటి సంతకం పెట్టరని చెప్పానండి."

కన్యక అమ్మణ్ణి వెళ్ళాక మొగుడి బీరువా తెరిచింది. ప్రతి శుక్రవారం ఆ బీరువా దుమ్ము దులిపేది ఆవిడే, ఆ నల్ల అట్ట మినిట్సు పుస్తకాన్ని తుడిచి పెట్టేది ఆవిడే, తెరిచింది మాత్రం ఎన్నడూ లేదు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ వద్దనకుండానే తెరవకపోవడం నేర్చుకుంది. ఇప్పుడు నేలమీద కూర్చుని, మొదటి పేజీ నుంచి చదివింది. పన్నెండో మీటింగు దగ్గర ఉంది ఆ ముక్క. 'కళ్ళములపై పనిచేయు స్త్రీలు నామమాత్రముగా నుండుటచే, వారి విషయము ప్రత్యేకముగా పరిశీలించ నవసరము లేదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.' దానికింద ఏడు సంతకాలు, ఎనిమిదోది ముత్యాలు పేర్చినట్టు ఆవిడది. ఆవేళ ఏం చేస్తోందో కూడా జ్ఞాపకం లేదు. గారెలు వేస్తోందేమో. పుస్తకం మూసి ఏడ్చింది. తనమీద తనకి అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, అటక మీద ట్రంకు పెట్టెలోంచి కాలేజీ నాటి కలం తీసి సిరా పోసింది.

చివరి మీటింగుకి ఇంకా రెండు వారాలుంది. మధ్యలో శ్రావణ శుక్రవారం వచ్చింది. కన్యక ఆ ఏడు పేరంటం కాస్త పెద్దగానే చేసింది. మిగతా పదిహేను మిల్లుల వాళ్ళ ఇళ్ళకీ తనే వెళ్ళి బొట్టుపెట్టి పిలిచింది. పసుపు రాసి, గంధం పూసి, శనగలూ తాంబూలం చేతికిస్తూ ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగింది: "మీ కళ్ళానికి రోజూ ఎంతమందికి మజ్జిగ పంపుతారండీ?"

అమ్మో, ఆ ప్రశ్నకోసమే పుట్టినట్టు మాట్లాడారు వాళ్ళు! ఎవరూ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఇరవై రెండు, తిరణాల రోజైతే పద్దెనిమిది," అని ఒకావిడ. "పంతొమ్మిదమ్మా, అందులో ఒకావిడ చూలింత, దానికో గ్లాసెక్కువ," అని ఇంకొకావిడ. జోగేశ్వరరావుగారి భార్య మాణిక్యాంబగారైతే కుర్చీలో వెనక్కి వాలి, "నలభై నాలుగు! చిలికి చిలికి నా భుజం జారిపోయింది. మజ్జిగ పలచనైపోతోందని పోరి పోరి ఈ వేసవిలో ఇంకో గేదెని కొనిపించాను," అంది. అందరూ పకపకా నవ్వారు. చివరి వీధి మిల్లాయన కోడలు ఒక్కర్తే భయపడింది. "మావాళ్ళకి తెలిస్తే తిడతారండి," అని చెప్పకుండా శనగలు మూటకట్టుకుంది.

ఆ పిల్ల వెళ్ళాక, మంచం మీద తాంబూలం వేసుకుంటున్న కన్యక అత్తగారు సంపూర్ణమ్మ కదిలింది. "వాళ్ళది నేను చెబుతా, రాసుకో. రెండు కుండలు వెళతాయి. కుండకి ఇరవై ఎనిమిది గ్లాసులు. మనిషికి రెండేసి, అంతే ఇరవై ఎనిమిది మంది," అంది. కన్యక తెల్లబోయి చూసింది. "నేను నలభయ్యేళ్ళు చిలికానే ఈ ఊళ్ళో. నన్ను మాత్రం ఎవడైనా అడిగాడా?" అని ముసలావిడ గోడ వైపు తిరిగింది. ఆ ఇంటికి కాపరానికొచ్చాక అత్తగారి మీద కన్యకకి ప్రేమలాంటిది పుట్టడం అదే మొదలు.

మొత్తం నాలుగొందల ఇరవై ఏడు మంది. కన్యక మూడుసార్లు కూడింది. వంద కాదు, నాలుగొందల ఇరవై ఏడు. వచ్చేవి నూటపన్నెండు, పోయేవి నాలుగొందల ఇరవై ఏడు. మూడొందల పదిహేను ఇళ్ళల్లో పొయ్యి ఆర్పేసి, దానికి ఉద్యోగాల ప్రణాళిక అని పేరు పెట్టారు. ఆవిడకి భయం వెయ్యలేదు. పైగా ఒంట్లో ఏదో బలం వచ్చినట్టయింది. ఎకనామిక్స్ పుస్తకాలు చదివినప్పుడు కూడా రాని బలం అది. లెక్క చేతిలో ఉంది, అది సరైన లెక్క, ఆ ఊళ్ళో ఇంకే మగవాడి దగ్గరా లేని లెక్క.

చివరి మీటింగు రోజున సత్తియ్య మామూలుగానే పుస్తకం తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇక్కడండమ్మా."

కన్యక పొయ్యి కట్టేసింది. చేతులు శుభ్రంగా సబ్బుతో కడుక్కుంది. "ఇలా ఇయ్యి సత్తియ్యా," అని పుస్తకం చేతిలోకి తీసుకుని, హాల్లోకి నడిచింది. ఆఫీసరు కాక ఏడుగురు మగవాళ్ళు, ఏడు కుర్చీలు. చంద్రరావు కళ్ళతోనే ఏంటని అడిగాడు. ఆవిడ పడగ్గదిలోకి వెళ్ళి, అద్దం ముందుండే తన కుర్చీ మోసుకొచ్చి, ఆఫీసరుకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"సంతకం పెట్టేముందు సభ్యురాలిగా ఒక సంగతి చెప్పాలండి," అంది.   "కళ్ళాల మీద పనిచేసేది వందమంది కాదు. నాలుగొందల ఇరవై ఏడుగురు."

 జోగేశ్వరరావుగారు ముందు తేరుకున్నారు. "ఆ లెక్క ఎక్కడిదమ్మా నీకు?"

"మజ్జిగ లెక్కండి."

ఇద్దరు ముగ్గురు నవ్వేశారు. చంద్రరావు మొహం ఎర్రబడింది. "కన్యకా, లోపలికెళ్ళు. ఇంటి దగ్గర మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఇది ఇల్లే కదండీ," అంది కన్యక. ఈసారి ఆఫీసరు నవ్వాపుకున్నాడు. ఆవిడ ఆయనకి నెమ్మదిగా చెప్పింది, ఏ ఇంటినుంచి ఎన్ని కుండలు వెళతాయో, కుండకి ఎన్ని గ్లాసులో, మనిషికి ఎన్నో. చెబుతుంటే ఆయన కలం తీశాడు.

"అదంతా ఆడాళ్ళ కబుర్లండీ ప్రసాద్ గారూ," అన్నారు జోగేశ్వరరావుగారు. "మా కళ్ళం మీద మహా అయితే పదిహేను మంది."

"మీ ఇంటినుంచి నలభై నలుగురికి వెళుతుందండి, జోగేశ్వరరావుగారూ," అంది కన్యక మర్యాదగా. "చాలట్లేదనే కదండీ ఈ వేసవిలో మీరు రెండో గేదెని కొన్నది? పదిహేను మందికి రెండు గేదెలు ఎందుకండీ?"

 గేదెని మండపేట సంతలో దగ్గరుండి బేరమాడింది ఆయనే. పక్కన కూర్చున్నవాడు ఆయనతో కూడా వెళ్ళినవాడే.

"నేను డ్రయ్యర్లు వద్దనట్లేదండి," అంది కన్యక. "కార్తీకంలో తుఫాను వస్తే ఉడికిన వడ్లు తడిసి బూజుపట్టి పోతున్నాయి. ఆ రోజుల కోసం మూడు నాలుగు మిల్లులకి తెచ్చుకుందాం. వాటి మీద పనికి ఈ కళ్ళాల మనుషులకే నేర్పిద్దాం. కానీ ముందు నాలుగొందల ఇరవై ఏడుగురి పేర్లూ రిజిస్టర్లో ఎక్కాలి. అప్పుడు ఎన్ని వస్తున్నాయో ఎన్ని పోతున్నాయో మనకే తెలుస్తుంది. ఇదంతా ప్రణాళికలో రాస్తేనే నేను సంతకం పెడతాను. లేకపోతే పెట్టను."

చంద్రరావు కోపంగా చూశాడు. ఆ కోపం కింద ఇంకేదో ఉంది. పన్నెండేళ్ళుగా కాపరం చేస్తున్న మనిషిని ఎవరో పరిచయం చేస్తే చూసినట్టుగా చూశాడు. "ఎవరడిగారు నిన్నిదంతా?" అన్నాడు, కానీ గట్టిగా అనలేకపోయాడు.

"ప్రభుత్వం అడిగింది కదండీ. మీరే చెప్పారు," అంది ఆవిడ.

 ఆవిడ సంతకం లేకుండా ప్రణాళిక కాకినాడ దాటదని అక్కడున్న ఏడుగురికీ తెలుసు. జోగేశ్వరరావుగారు ఉత్తరీయంతో మెడ తుడుచుకుని, "సరే, రాయండి మరి," అని గొణిగారు. నాగేశ్వరప్రసాద్ గారు పాత పేజీ తీసేసి, కొత్త కాగితం మీద గడులు గీసుకున్నాడు. ఏ మిల్లు, ఎంతమంది, రోజుకూలి ఎంత. కన్యక పేరంటంనాడు తయారుచేసుకున్న కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కో మిల్లే ఎక్కించుకుంటూ వచ్చి, చివర కూడి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"చిన్న తేడా వచ్చిందమ్మా. మిల్లులన్నీ కలిపితే నాలుగొందల ఇరవై ఏడే. మీరు అడుగున నాలుగొందల నలభై మూడని వేశారు. పదహారు ఎక్కువొస్తోంది. పొరపాటు పడ్డట్టున్నారు."

"పొరపాటు కాదండి. వాళ్ళు మజ్జిగ చిలికేవాళ్ళు. ఇంటికొకరు."

 ఆయన తల వంచి, కింద ఇంకో వరస గీసి, పదహారు అని వేశాడు. వేసి, పక్కగడి దగ్గర ఆగాడు.

"మరి వీళ్ళకి రోజుకూలి ఎంతని రాయమంటారమ్మా?"

"అది నన్నెందుకండీ అడుగుతారు," అంది కన్యక, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "ఏడుగురూ ఇక్కడే ఉన్నారు, వాళ్ళనే అడగండి."